పీత కండలో మిరియాలు

అమెరికాలో చెసపీక్ అఖాతం మొదలు మెక్సికో సింధుశాఖ దాకా నీలిపీతలు పట్టేవాళ్లందరికీ ఒక మచ్చ బాగా తెలుసు. డిప్ప ఊడదీస్తే తెల్లటి కండలో నల్లటి చుక్కలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చల్లినట్టు. అందుకే దానికి ‘పెప్పర్ స్పాట్’ అని పేరు. తుపాకీ రవ్వల్లా ఉన్నాయని ‘బక్‌షాట్’ అన్నవాళ్లూ ఉన్నారు.

నిజానికి ఆ జబ్బు పీతది కాదు. గొర్రెల కార్జంలో చేరే జలగ మన కాపరులకు తెలిసిందే. అదీ నత్తలోంచే వస్తుంది. దాని దూరపు చుట్టం ఒకటి నత్తను విడిచి పీతలో దూరి, చిన్న గూడు కట్టుకుని కూర్చుంటుంది. ఏ రకూనో వచ్చి పీతను తింటే దాని కడుపులో పెద్దదవుదామని ఎదురుచూపు. అప్పటికి అది కంటికి ఆనదు. ఈలోగా దాని ఒంట్లోకే ఒక ఏకకణజీవి చొరబడుతుంది. లోపలంతా తినేసి, పిల్లల్ని పెట్టి, గోధుమరంగు సిద్ధబీజాలతో నింపేస్తుంది. జలగ ఎన్నో రెట్లు ఉబ్బి నల్లబడుతుంది. మనకు కనిపించే మిరియం అదే.

ఆ ఏకకణజీవిని 1940లో నార్త్ కరోలినాలోని బోఫోర్ట్ పీతలపై పనిచేసిన డి టర్క్ వర్ణించి ‘యూరోస్పోరిడియం క్రెసెన్స్’ అన్నాడు. క్రెసెన్స్ అంటే లాటిన్‌లో పెరిగేది. మొదటి మాట ఇంకా పాతది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కోలెరీ, మెస్నిల్ 1905లో ఒక సముద్రపు పురుగులో ఈ కోవకే చెందిన జీవిని చూశారు. సిద్ధబీజానికి తోక ఉందని గ్రీకు మాటతో ‘యూరో’ చేర్చారు, మసిరంగు చూసి ‘ఫులిజినోసమ్’ అన్నారు. మసి అన్నమాట అప్పుడే పేరులోకి ఎక్కింది!

నన్ను కదిలించే కథ మాత్రం 1975 నాటిది. అమెరికా అట్లాంటిక్ తీరపు సర్ఫ్ క్లామ్ గుల్లల్లో, సముద్రపు తాబేలు పొట్టలో పెద్దదయ్యే నులిపురుగు పిల్లలు ఉంటాయి. పాలిపోయిన రంగు కాబట్టి ఎవరి కంటా పడలేదు. ‘యూరోస్పోరిడియం స్పైసులై’ సోకి అవి ముదురు గోధుమరంగుకు తిరిగాక గుల్లల వ్యాపారమే కలవరపడింది. దాగి ఉన్న పురుగును పట్టిచ్చింది దాన్ని తింటున్న జీవే.

పీతలోని మిరియపు మచ్చ చూసి బుట్టెడు పీతలు పారబోయకండి. బాగా ఉడికిస్తే ఆ కండ తిన్నవాళ్లకు ఏ హానీ లేదు.