పేరు ఒకటి, వంశం ఒకటి: ఎంఎక్స్ 440, రేడియాన్ 9000

నెల్లూరు సీమకు ఇద్దరు తిక్కనలు. మనుమసిద్ధి కొలువులో మంత్రియై భారతంలో పదునైదు పర్వాలు తెనిగించిన సోమయాజి ఒకరు. కాటమరాజుతో వచ్చిన పుల్లరి తగవులో కత్తిపట్టి పోరి నేలకొరిగిన ఖడ్గ తిక్కన మరొకరు. అన్నదమ్ముల వరుసవారే, ఒకే కాలంవారే. అయినా పద్యం కావలసినవాడు ఖడ్గ తిక్కన వాకిట నిలబడలేదు. ఆ తికమక రాకుండా మన పూర్వులు ఒక పేరుకు ముందు 'ఖడ్గ' అన్న మాట తగిలించి పెట్టారు. ఈపాటి వివేకం 2002లో అమెరికాలోని ఎన్‌విడియా సంస్థకు లేకపోయింది. ఉండి కూడ వద్దనుకున్నదేమో చెప్పలేను.

ఆ సంవత్సరం విడుదలైన రెండు గ్రాఫిక్స్ కార్డుల చరిత్ర ఇది. ఒకటి ఎన్‌విడియావారి జీఫోర్స్4 ఎంఎక్స్ 440. రెండవది కెనడా దేశపు ఏటీఐవారి రేడియాన్ 9000. మదర్‌బోర్డు మీద ఏజీపీ అనే గాడిలో కూర్చుంటాయి గనుక మన వైపు దుకాణాలలో వీటిని ఏజీపీ కార్డులనేవారు. ఆటలాడుకొనే కుర్రవాళ్ల వ్యవహారంలో తెలుగు పండితుడు తల దూర్చడమేమిటని కొందరు నవ్వవచ్చు. ప్రకృతి ఏది, వికృతి ఏది అని జీవితమంతా పిల్లలకు చెప్పి బ్రతికినవాడిని. ఈ కార్డుల విషయంలో చేయవలసినదీ ఆ విచారణే. పైగా కోస్తా పల్లెలలో ఈ కార్డు మీద పెట్టిన రూపాయి ఎటువంటి రూపాయో దగ్గర నుండి చూచినవాడిని.

ముందు ఆ రూపాయి సంగతి చెప్పాలి. మైపాడు, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు ప్రాంతాలలో రొయ్యల చెరువుల మీద ఆధారపడిన కుటుంబాలు ఎన్నో. 1990లలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఎండబెట్టుకొన్న ఇళ్లు కూడ అక్కడివే. అటువంటి ఇంట కంప్యూటరు కొనాలంటే ఒక పంట కలిసిరావాలి. ఒకసారి కొన్న తరువాత ఐదారేండ్ల వరకు మళ్లీ ఆ మాట ఎత్తడానికి లేదు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు వినడమే గాని, మనవాళ్లకు దగ్గర మద్రాసే. తెల్లవారుజామున నెల్లూరులో రైలెక్కి, 175 కిలోమీటర్లు పోయి, మౌంట్‌రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీటులో విడిభాగాలు కొనుక్కొని రాత్రికి ఇల్లు చేరేవారు. తమిళం, తెలుగు, ఇంగ్లీషు కలగలిపి సాగే ఆ బేరంలో కొనేవాడి చేతికందే ఆధారాలు రెండే: పెట్టె మీది పేరు, ఎన్ని ఎంబీ అన్న అంకె. రెండూ అర్ధసత్యాలే.

పేరు సంగతి చూద్దాం. 2002 ఫిబ్రవరి 6న ఎన్‌విడియా జీఫోర్స్4 అన్న ఒకే ఇంటిపేరుతో రెండు తెగల కార్డులను విడుదల చేసింది. టీఐ అన్నది ఒక తెగ, ఎంఎక్స్ అన్నది రెండవది. టీఐ నిజంగా జీఫోర్స్3కి వారసురాలు. ఎంఎక్స్ మాత్రం అంతకు వెనుకటి జీఫోర్స్2 సంతతి. మెమరీని పొదుపుగా వాడే ఏర్పాటు, అంచుల గరుకుతనం తగ్గించే పద్ధతి, రెండు తెరలు నడిపే సౌకర్యం మొదలైన కొన్ని నగలు కొత్తవి పెట్టిన మాట నిజమే. డీవీడీ సినిమాలకు పనికివచ్చే ఒక భాగం ఎంఎక్స్‌లో ఉండి, ఖరీదైన టీఐలో లేకపోవడం కూడ నిజమే. కాని ఆట బొమ్మను గీసే మూలధాతువు పాతదే. డూమ్ ఆటను సృష్టించినవారిలో ఒకరైన జాన్ కార్మాక్ ఆ నెలలోనే ఈ నామకరణాన్ని బహిరంగంగా తప్పుబట్టారు. ఆ మాట రిచీ స్ట్రీటు దాకా రాలేదు.

మూలధాతువు పాతదంటే ఏమి లోటు? ఒక పోలికతో చెబుతాను. వెయ్యి పద్యాలు కంఠస్థం చేసి, అడిగినది తడుముకోకుండా ధారగా చదివేవాడొకడున్నాడనుకోండి. వాడి ముందు పృచ్ఛకుడు కూర్చొని నాలుగు పదాలిచ్చి, వీటితో ఫలానా వృత్తంలో పద్యం చెప్పమంటే వాడేమి చేయగలడు? అవధాని వేరు, ధారణ ఒక్కటే ఉన్నవాడు వేరు. పాత తరం కార్డులు ధారణ గలవి మాత్రమే. వెలుగు, నీడ, రంగు ఎలా కలపాలో తయారీలోనే స్థిరపడిపోయిన కొన్ని సూత్రాలను అవి వల్లిస్తాయి. 2001లో వచ్చిన జీఫోర్స్3, రేడియాన్ 8500లతో పిక్సెల్ షేడర్ అనే శక్తి వచ్చింది. ఆట రాసినవాడు చిన్న ప్రోగ్రాము ఇస్తే, కార్డు దానిని ప్రతి చుక్క మీద నడిపి కొత్త రంగు పుట్టిస్తుంది. ఎంఎక్స్ 440లో ఆ శక్తి లేదు. రేడియాన్ 9000లో ఉన్నది, అందులోనూ 1.4 అన్న మెరుగైన మెట్టు.

ఏటీఐవారు సత్యహరిశ్చంద్రులని నా అభిప్రాయం కాదు. 2002 జులైలో వచ్చిన రేడియాన్ 9000 అంకెలో 8500 కంటె పెద్దది, బలంలో దానికంటె చిన్నది. 8500లో ఉన్న కొన్ని భాగాలు తగ్గించి, ఖర్చు తగ్గించి చేసిన తమ్ముడది. అదే నాడు ప్రకటించిన 9700 అసలైన కొత్త తరం. దాని పక్కన నిలబడిన కారణంగా 9000కు లేని గౌరవం వచ్చింది. తరువాత 8500నే 9100 అన్నారు. 9000కే ఏజీపీ వేగం పెంచి 9200 అన్నారు. అంతకు మునుపు 2001లో ఇంకొక వింత జరిగింది. క్వేక్ 3 ఆటలో 'క్వేక్' అన్న పేరును 'క్వాక్' అని మార్చి నడిపితే రేడియాన్ 8500 వేగం తగ్గి, బొమ్మ మెరుగైంది. ఆ కార్డు డ్రైవరు ఆట పేరును కనిపెట్టి, నాణ్యత తగ్గించి వేగం చూపుతున్నదని తేలింది. పేరు మారితే గుణం మారడం నేను కావ్యాలలో కూడ చూడలేదు.

ఇక అంకెల పరీక్ష. ఎంఎక్స్ 440 గడియారం 270 మెగాహెర్ట్జ్. రేడియాన్ 9000ది 250. ఒక్కొక్క గడియారపు కొట్టుకు రెండూ నాలుగేసి టెక్స్చర్ బిందువులు వేయగలవు. కనుక సెకనుకు ఒకటి 108 కోట్లు, రెండవది 100 కోట్లు. మెమరీ దారి రెండింటిదీ 128 బిట్లే, సెకనుకు 6.4 గిగాబైట్లే. అంటే ఒకే తక్కెడలో దాదాపు సమానంగా తూగినవి. తేడా ఎక్కడంటే, 9000లో నాలుగు గీతదారులకు ఒక్కొక్క టెక్స్చర్ యంత్రం, ఎంఎక్స్‌లో రెండు దారులకు రెండేసి. అందుచేత ఒక్కొక్క చుక్కకు రెండు పొరల రంగు వేసే పాత ఆటలలో ఎంఎక్స్ ఏమీ తీసిపోదు. విడుదలనాటి ధరలు చూస్తే ఎంఎక్స్ 440 149 డాలర్లు, రేడియాన్ 9000 109 డాలర్లు. నాటి మారకంలో సుమారు 7,200 రూపాయలు, 5,300 రూపాయలు. సుంకం, రవాణా, దుకాణదారు లాభం అదనం. 9000 వచ్చేసరికి ఎంఎక్స్ ధర దిగివచ్చి, బేరం దాదాపు సమమైంది.

ఎంబీల సంగతి కూడ ఇక్కడే చెప్పాలి. 64 ఎంబీ కంటె 128 ఎంబీ కార్డు గొప్పదని అమ్మేవాడు చెప్పేవాడు, కొనేవాడు నమ్మేవాడు. నెల్లూరు చెరువు కింద సేద్యం తెలిసినవాడికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. చెరువెంత నిండినా మడికి పారేది తూము ఎంత వదిలితే అంతే. 2003లో వచ్చిన 9200 ఎస్‌ఈ అన్న కార్డుకు తూమును 128 బిట్ల నుండి 64కు కుదించారు. ఎంఎక్స్ 440లో కూడ మెమరీ వేగం తగ్గించిన ఒక ఎస్‌ఈ ఉండేది. ఆ రెండక్షరాలు మరచి కొన్నవాడు పెద్ద చెరువును చూచి మురిసి, చివరి మడిలా ఎండిపోయేవాడు.

దుకాణదారు మాట పూర్తిగా అబద్ధమని నేననను. 2003లో మా ఊరి బజారులో నా శిష్యుడొకడు నెట్ సెంటరు పెట్టాడు. అన్ని యంత్రాలలోనూ ఎంఎక్స్ 440లే. అక్కడ పిల్లలు ఆడేది కౌంటర్‌స్ట్రైక్ ఒక్కటే. దాని పునాది 1998నాటి హాఫ్‌లైఫ్ ఆటది. ఆ పనికి ఎంఎక్స్ చాలు, మిగులు కూడ. ఎన్‌విడియా డ్రైవర్లు నాడు మన్నికైనవన్న పేరుండేది. ఎనిమిది యంత్రాలు ఒక్కడే సంబాళించుకొనేవాడికి అది చిన్న మేలు కాదు. క్రికెట్ 2002, జీటీఏ వైస్ సిటీ వంటివి కూడ దాని మీద చక్కగా నడిచాయి. వాడి పెట్టుబడి తిరిగివచ్చింది, వాడు తెలివైనవాడే.

చిక్కు వచ్చినది ఇంటికి కొన్నవారికి. రొయ్యల చెరువున్న ఇంటి పిల్లవాడొకడు, వాడూ నా దగ్గర చదివినవాడే, అదే ఏడు కంప్యూటరు కొనిపించుకొన్నాడు. ఆ ఏడాది చివర ప్రిన్స్ ఆఫ్ పర్షియా: శాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చింది. ఆ ఆటకు పిక్సెల్ షేడర్ తప్పనిసరి. పెట్టె మీద జీఫోర్స్3 ఉంటే చాలునని రాసి ఉంటే, తన దగ్గరున్నది జీఫోర్స్4 కదా అని వాడు సంతోషించాడు. నాలుగు మూడు కంటె పెద్దదని మేమే కదా వాడికి నేర్పినది! ఆట తెరుచుకోలేదు. వాళ్ల నాయన నన్ను దారిలో ఆపి, "అయ్యవారూ, ఏడాది కూడ కాలేదే, అప్పుడే పాతదైపోయిందంట గదా" అన్నాడు. అమ్మినవాడిని అడిగితే ఆటలో లోపమన్నాడట. లేని షేడర్ ఉన్నట్లు ఆటను మభ్యపెట్టే చిన్న ప్రోగ్రాములు అప్పట్లో తిరిగేవి. వాటితో కొందరు ఎలాగో నడిపించుకొన్నారు. 5,300 రూపాయల తరగతి రేడియాన్ 9000 కొన్నవాడికి ఆ తిప్పలే లేవు.

2004 నవంబరులో వచ్చిన హాఫ్‌లైఫ్ 2 రెండింటి మీదా నడిచింది. కాని ఎంఎక్స్ మీద దానిని పాత డైరెక్ట్ఎక్స్ 7 పద్ధతిలో చూపవలసి వచ్చింది. ఆ ఆటలో సముద్రతీరం ఉన్నది. రేడియాన్ మీద నీరు వెలుగును విరిచి ఆడుతుంది, ఎంఎక్స్ మీద పల్చని రంగుగుడ్డ పరచినట్లుంటుంది. సముద్రం పక్కనే పెరిగినవాడికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. 2005 జూన్‌లో బ్యాటిల్‌ఫీల్డ్ 2 వచ్చి, షేడర్ 1.4 లేనిదే రానివ్వనన్నది. 399 డాలర్లు పోసి కొన్న జీఫోర్స్4 టీఐ 4600కు సైతం ఆ గుమ్మం తెరుచుకోలేదు, దానిది 1.3 మాత్రమే. ఎన్‌విడియా తరఫున జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5700, ఏటీఐ తరఫున 9000కు అన్నగారైన 8500 కనీస అర్హతలుగా నిలిచాయి. ఇంటిపేరు చూచి మురిసిన కొనుగోలుదారుకు ఇంతకంటె పెద్ద చెంపపెట్టు లేదు.

ఇంటికి కొనేవాడు కార్డు విలువను మొదటి నెల వేగంతో కాక, మూడవ ఏడు ఏమి తెరుచుకొంటుందో దానితో కొలవాలని నా అభిప్రాయం. ఆ లెక్కన రేడియాన్ 9000 గెలిచింది. నెట్ సెంటరు లెక్కన ఎంఎక్స్ 440 గెలిచింది. అప్పటి పట్టికలలో ఒకే ఆట వేగాన్ని పక్కపక్కన అచ్చువేసి తీర్పు చెప్పినవారు ఎవరి ఇంటి కోసం చెబుతున్నారో చెప్పలేదు.

మన తీరానికి ప్రత్యేకమైన మరొక పరీక్ష ఏ పట్టికలోనూ ఉండదు: ఉప్పుగాలి. ఆ గాలికి కార్డు అంచున గాడిలో దిగే బంగారుపూత పళ్లు మసకబారి, తెర నల్లబడేది. కార్డు ఊడదీసి, బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ పళ్లను సున్నితంగా రుద్ది పెడితే మళ్లీ వెలిగేది. ఈ వైద్యం నేనే ఎన్నో ఇళ్లలో చేశాను. చిన్న ఫ్యానులు దుమ్ము, తేమ పట్టి ముక్కుతూ ఆగిపోయేవి. రెండు కార్డులలోనూ ఫ్యాను లేకుండా ఉత్త లోహపు రెక్కలతో వచ్చినవి ఉండేవి. మైపాడు గాలికి అవే తట్టుకొన్నాయి.

2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఏజీపీ గాడికే కాలం చెల్లడం మొదలైంది. 2006లో ఏటీఐని ఏఎండీ కొనుక్కొన్నది. ఎక్స్‌పీకి ఈ రెండు తెగల కార్డుల డ్రైవర్లను మెరుగుపరచే పనికి ఉభయులూ ఆ ఏడే స్వస్తి చెప్పారు. 2007లో వచ్చిన విస్టా అద్దపు సొగసులు రెండింటి మీదా కనబడలేదు. ఆ తరువాత కూడ లినక్స్ వాడేవారి కోసం స్వచ్ఛందంగా పనిచేసేవారు ఈ రెండు వంశాలకూ డ్రైవర్లు కాపాడుతూ వచ్చారు. 2021లో మీసా అనే ఆ గ్రంథాలయపు ప్రధాన శాఖ నుండి రెండింటినీ ఒకేసారి తొలగించి, అంబర్ అన్న పాత శాఖలో భద్రపరచారు.