ట్యాగ్ టీమ్ కుస్తీ: పేరు దక్కని జంటలు

వృత్తి కుస్తీలో ఇద్దరేసి మల్లుల జట్లు తలపడే పద్ధతిని ట్యాగ్ టీమ్ కుస్తీ అంటారు. జట్టుకు ఒక్కరే రింగులో ఉండాలి. రెండోవాడు తమ మూలలో తాళ్ల బయట, స్తంభానికి కట్టిన చిన్న తాడుముక్క పట్టుకొని నిలబడాలి. లోపలివాడు వచ్చి అతని చేతిని తాకితే మార్పిడి జరుగుతుంది. పాతవాడు బయటికి వెళ్లడానికి రెఫరీ ఐదు అంకెలు లెక్కపెడతాడు. గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి జట్టు గొప్పతనాన్ని బెల్టుల లెక్కతో తూచలేం. పోటీని ఎలా కట్టారు, జనాన్ని ఎంతసేపు పట్టి ఉంచారు అన్నది చూడాలి. అలా చూస్తే 1950ల నుంచి 1980ల దాకా అమెరికాలో ఆడిన కొన్ని జంటలకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పాతతరం ట్యాగ్ పోటీకి స్థిరమైన అల్లిక ఒకటుంది. హీరో జట్టులో ఒకడు విలన్ల మూలలో చిక్కుకుంటాడు. వాళ్లిద్దరూ వంతులవారీగా మారుతూ అతన్ని సొంత మూల వైపు కదలనివ్వరు. కబడ్డీలో కూతకెళ్లి పట్టుబడ్డవాడు వేలికొసతో గీత అందుకోవాలని పాకుతుంటే చూసేవాళ్లు ఎలా లేచి నిలబడతారో ఇక్కడా అంతే. చేతికీ చేతికీ మధ్య జానెడు దూరం ఉండగా కాలు పట్టి వెనక్కి లాగేస్తారు. ఒకసారి చేయి తాకనే తాకుతుంది. సరిగ్గా అప్పుడే రెండో విలన్ రెఫరీని మాటల్లో పెడతాడు. తాను చూడలేదు కాబట్టి చెల్లదంటూ రెఫరీ కొత్తగా వచ్చినవాణ్ని బయటికి నెడుతుంటే, అతని వీపు వెనక విలన్లిద్దరూ కలిసి లోపలివాణ్ని కుమ్మేస్తుంటారు. చివరికి అసలు ట్యాగ్ పడినప్పుడు హాలు ఊగిపోతుంది. దాన్నే హాట్ ట్యాగ్ అంటారు. ఆ కేకలన్నీ హీరోలకే. పావుగంట సేపు ఆ కేకల్ని కూడబెట్టినవాళ్లు తిట్లు తిని వెళతారు. మంచి విలన్ జంటలు మరుగున పడడానికి ఇదో కారణం.

రెండో కారణం వ్యాపారపు తీరు. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో ప్రమోటర్లు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకొని, దేశాన్ని ప్రాంతాలుగా పంచుకున్నారు. ఒకరి ప్రాంతంలో మరొకరు ఆటలు పెట్టకూడదు. ఒంటరి పోటీల్లో అందరికీ కలిపి ఒక్క ప్రపంచ ఛాంపియన్ ఉండేవాడు. అతను ఊరూరా తిరిగేవాడు. జంటల విషయంలో ఆ క్రమశిక్షణ లేదు. 1950ల చివర్లో ఒకే సమయంలో పదికి పైగా 'ప్రపంచ' ట్యాగ్ బెల్టులు చలామణిలో ఉన్నాయి. ఒక ప్రాంతంలో ప్రపంచ విజేతలైన జంట పేరు పొలిమేర దాటితే ఎవరికీ తెలిసేది కాదు.

ఫ్యాబ్యులస్ కంగారూస్

ఆల్ కోస్టెల్లో పుట్టింది ఇటలీలో, పెరిగింది ఆస్ట్రేలియాలో. అతను రాయ్ హెఫర్నన్ అనే ఆస్ట్రేలియన్‌తో కలిసి 1957లో కెనడాలోని కాల్గరీలో స్టూ హార్ట్ అనే ప్రమోటర్ దగ్గర ఈ జట్టు మొదలుపెట్టాడు. అంతకుముందు జంట అంటే చాలావరకు పేరున్న ఇద్దరిని ఆ పూటకు కలపడమే. వీళ్లు ఒకే తరహా టోపీలు, చేతిలో బూమరాంగ్‌లు, ఒకే పద్ధతి కదలికలతో వచ్చారు. ఇద్దరిలో ఎవరిని తీసేసినా మిగిలినవాడు సగం మనిషే అనిపించేలా పాత్రను తయారుచేశారు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆంటోనినో రోకా, మిగెల్ పెరెజ్ జంటతో వీళ్ల పోటీలకు జనం విరగబడి వచ్చేవారు. 1965లో ఇద్దరూ విడిపోయాక కోస్టెల్లో వేరే భాగస్వాములతో ఆ పేరును 1970లలోకి లాక్కొచ్చాడు. తర్వాత వచ్చిన జంట వేషాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. వేషం అందరికీ గుర్తుంది, తొడిగినవాళ్లు గుర్తులేరు.

ఆసియాలోనూ ట్యాగ్ కుస్తీ అప్పటికే వేళ్లూనుకుంది. జపాన్‌లో 1955లో పుట్టిన ఆల్ ఏషియా ట్యాగ్ టైటిల్‌ను మొదట గెలిచినవాళ్లు భారతీయుడు టైగర్ జోగిందర్ సింగ్, దారాసింగ్ ప్రత్యర్థిగా మన పెద్దలకు బాగా గుర్తున్న కింగ్‌కాంగ్.

మిన్నెసోటా రెకింగ్ క్రూ

జీన్ ఆండర్సన్, లార్స్ ఆండర్సన్, 1960ల చివర్లో చేరిన ఓలీ ఆండర్సన్. అన్నదమ్ములమని చెప్పుకున్నా వీళ్లలో ఎవరికీ ఎవరితో రక్తసంబంధం లేదు. ఓలీ అసలు పేరు ఆలన్ రొగౌస్కీ. జీన్, ఓలీల జంట కరొలినా రాష్ట్రాలు, వర్జీనియాల్లో జిమ్ క్రాకెట్ సంస్థకు వెన్నెముకగా నిలిచింది.

కంటికింపైన వేషాలు లేవు, ఎగిరే విన్యాసాలు లేవు. పోటీ మొదలైన కాసేపటికి ప్రత్యర్థి శరీరంలో ఒక భాగాన్ని, చాలాసార్లు ఒక చేతిని, ఎంచుకునేవారు. ఇక ఆ చేతినే మెలిపెట్టడం, స్తంభానికేసి కొట్టడం, మోకాలితో తొక్కడం. ఒకరు అలసిపోతే మరొకరు వచ్చి అదే చేతిని అదే చోట పట్టుకుంటారు. పది నిమిషాల తర్వాత ఆ మనిషి హాట్ ట్యాగ్ కోసం చేయి చాచాలంటే చాచగల చేయి లేదు. నిజానికి ఇది వడ్రంగి పని లాంటిది, చూడటానికి నెమ్మది. అందుకే మెరుపులు కోరేవాళ్లకు ఆండర్సన్లు విసుగు పుట్టిస్తారు. జీన్ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మైకు ముందు గర్జించే పని ఓలీది.

1975లో వాహూ మెక్‌డేనియల్, పాల్ జోన్స్‌లతో టైటిల్ పోటీలో ఓలీ తన 'అన్న' జీన్‌ను పట్టుకొని, అతని తలను ఆయుధంలా వాహూ తలకేసి కొట్టాడు. జీన్, వాహూ ఇద్దరూ స్పృహ తప్పారు. ఓలీ వాహూ మీద పడి బెల్టులు గెలిచాడు. విలన్ జంట చేసిన త్యాగం అది! గెలుపు కోసం సొంతవాణ్ని బలిపెట్టే క్రూరత్వమో, ఇద్దరి మధ్య ఉన్న నమ్మకమో తేల్చుకోలేని ఆ క్షణం కంటే ఈ జంటను బాగా చెప్పేది మరొకటి లేదు. అంతకు ఏడాది ముందు, 1974లో రిక్ ఫ్లేర్ అనే మల్లుడు వీళ్ల బంధువుగా పరిచయమై, తర్వాత వీళ్లను మించిపోయాడు.

మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్

1983 చివర్లో లూసియానా, ఓక్లహోమా చుట్టుపక్కల మిడ్-సౌత్ సంస్థ నడిపే బిల్ వాట్స్, మెంఫిస్ నుంచి కొందరిని తెచ్చుకున్నాడు. అలా వచ్చిన బాబీ ఈటన్‌ను డెనిస్ కాండ్రీకి జతచేసి, జిమ్ కార్నెట్ అనే కుర్రాణ్ని మేనేజరుగా పెట్టాడు. కార్నెట్‌కు అప్పటికి 22 ఏళ్లు. అమ్మ డబ్బుతో జల్సా చేసే గారాల కొడుకు పాత్ర; చేతిలో ఎప్పుడూ టెన్నిస్ రాకెట్. మ్యాగ్నమ్ టీఏ అనే మల్లుడి ఒంటికి తారు పూసి ఈకలు అద్దడం వీళ్ల తొలి ఘనకార్యాల్లో ఒకటి.

అప్పుడే అదే ప్రాంతానికి వచ్చిన రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ వీళ్లకు సరిజోడు. రికీ మార్టన్ దెబ్బలు తింటూ అల్లాడుతుంటే రాబర్ట్ గిబ్సన్ మూలలో చేయి చాచి ఎదురుచూసేవాడు. ఈ రెండు జట్లూ సంస్థ మారినా పోరు మారలేదు. దెబ్బలు తినే ఆ పాత్రకు కుస్తీ వృత్తిలో ఇప్పటికీ రికీ మార్టన్ పేరే వాడతారు. కొట్టే పాత్రకు బాబీ ఈటన్ పేరు ఎవరూ పెట్టలేదు.

అలబామాలోని హంట్స్‌విల్‌కు చెందిన ఈటన్ ఆ రోజుల్లో అత్యంత సాఫీగా పనిచేసే మల్లుడు. పై తాడు మీద నుంచి కాలు చాచి దూకినా, కాండ్రీ విసిరితే గాల్లోకి లేచి కిందివాడి మీద పడినా (దాని పేరు రాకెట్ లాంచర్) ప్రత్యర్థికి గాయం కాకుండా, చూసేవాళ్లకు ఎముకలు విరిగినట్టు అనిపించేది. 1986 నవంబరులో స్టార్‌కేడ్ ప్రదర్శనలో రోడ్ వారియర్స్ జట్టుతో రింగు మీద కట్టిన పరంజా పైన పోరాడారు. తర్వాత కార్నెట్ అక్కడి నుంచి వేలాడి చేతులు వదిలేశాడు. పట్టుకోవాల్సిన మనిషి సమయానికి అందుకోలేకపోయాడు. కార్నెట్ మోకాలు దెబ్బతింది.

1987లో కాండ్రీ చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. స్టాన్ లేన్ వచ్చాక జట్టు ఇంకా వేగం పుంజుకుంది. ఫెంటాస్టిక్స్ జట్టుతో 1988 నాటి పోటీలు దానికి సాక్ష్యం. ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్న్ ఆండర్సన్, టలీ బ్లాంచర్డ్‌లను ఓడించి ప్రపంచ బెల్టులు గెలిచారు. రెండు నెలలు నిండకముందే రోడ్ వారియర్స్‌కు ఇచ్చేశారు. 1990లో కార్నెట్, లేన్ అప్పటి తమ సంస్థను వదిలేయడంతో జట్టు ముగిసింది.

బెల్టులు పోగొట్టుకున్న ఆర్న్, టలీ అప్పుడే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే మరో సంస్థకు వెళ్లి బ్రెయిన్ బస్టర్స్ అయ్యారు. 1989 జులైలో డెమోలిషన్ జట్టు 478 రోజుల ఏలుబడికి తెరదించి, అక్టోబరులో బెల్టులు తిరిగి వాళ్లకే అప్పగించారు. అక్కడ రాజ్యమేలింది రంగులు, ముఖానికి పూతలు, కండలు.

మన దగ్గరికి ఈ అమెరికా కుస్తీ 1990ల కేబుల్ టీవీతో చేరింది, అదీ ఆ రంగుల సంస్థ ద్వారానే. బడిపిల్లలు ఆడుకున్న ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు ఉండేవి. భాగస్వామి చేతికి జానెడు దూరంలో ఎదుటివాణ్ని ఎంతసేపు ఆపగలడో చెప్పే గడి వాటిలో లేదు.

జీన్ ఆండర్సన్ 1991లో, బాబీ ఈటన్ 2021 ఆగస్టులో, ఓలీ 2024 ఫిబ్రవరిలో మరణించారు. 1970ల ప్రాంతీయ టీవీ కార్యక్రమాల టేపుల్లో చాలావాటిని చెరిపి మళ్లీ వాడుకున్నారు. అందువల్ల జీన్, ఓలీల ఉచ్చదశలోని పోటీలు ఇవాళ చూద్దామంటే దొరికేవి కొద్దే.