గోడకు ఇటు బాయి, అటు బార్డరు

సింగరేణి ప్రాంతంలో ఏ పార్టీ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: బొగ్గుగని కార్మికుడు సరిహద్దులో కాపలా కాసే సైనికుడితో సమానం. వెంటనే చప్పట్లు పడతాయి. గోదావరిఖనిలో పెరిగిన నేనూ చిన్నప్పుడు ఆ చప్పట్లలో ఉన్నదాన్నే. కార్మికులకు ఆదాయపు పన్ను మినహాయించాలన్న డిమాండుకు కూడా ఈ పోలికే ఆధారం. పోలిక తప్పని నేను అనడం లేదు. కాని అది బాయి గేటు దగ్గరే ఆగిపోతుంది. సైనికుడు సెలవు మీదో పింఛను మీదో ఇంటికొస్తాడు. కార్మికుడు రోజూ షిఫ్టు దిగి ఇంటికొస్తాడు. ఆ మనిషితో పాటు ఇంట్లోకి ఏమొస్తుంది, దాన్ని ఎవరు మోస్తారు అన్న ముచ్చట ఏ సభలోనూ రాదు.

నాకు ఈ ప్రశ్న మొదట పుస్తకాల్లోంచి రాలేదు. మేమున్న క్వార్టర్‌కూ పక్క క్వార్టర్‌కూ మధ్య ఒకటే గోడ. ఇటు మా బాపు. టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. అటు మిలిట్రీ మామ. పదిహేడేళ్ల సర్వీసు చేసి, ముప్పై అయిదేళ్లకే మాజీ సైనికుడై వచ్చి సెక్యూరిటీ గార్డుగా చేరినవాడు. 1987-90 మధ్య మన దేశం శ్రీలంకకు పంపిన శాంతి పరిరక్షక దళంలో ఆయన పనిచేశాడు. ఆ దళంలో వెయ్యి మందికి పైగా జవాన్లు చనిపోయారు. అక్కడేం జరిగిందో ఆయన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో కొట్టి శబ్దం వినడం బాయిపనిలో మొదటి పాఠం. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే విడిపోతున్నట్టు. ముప్పై ఏళ్లు ఆ చెవితో బతికిన మనిషికి ఇంటికి రాగానే దాన్ని మూసుకోవడం చేతకాదు. రాత్రి రేకుల మీద పిల్లి నడిచినా బాపు లేచి కూర్చునేవాడు. "బయటికి నడువుండ్రి" అని మమ్మల్ని వాకిట్లోకి తోలిన రాత్రులు ఉన్నాయి. తెల్లారినాక ఆ సంగతి ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. అవతలి ఇంట్లో మామ రాత్రంతా లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. దీపావళి వస్తున్నదంటే వారం ముందునుంచే తిండి తగ్గిపోయేది.

ఈ ఇద్దరు మగవాళ్ల మధ్య పెద్దగా మాటలు లేవు. మాటలన్నీ గోడ మీదుగా మా అవ్వకూ మిలిట్రీ అత్తమ్మకూ మధ్యనే. మా వైపు అమ్మను అవ్వ అంటాం. "పండుకున్న మనిషిని ముట్టి లేపద్దు వదినె. కాళ్లకాడ దూరంగ నిలవడి, పోరగాని పేరు తీసుకొని పిలువాలె" అని అత్తమ్మ చెప్పింది. పీడకల వచ్చి లేస్తే ముందు నీళ్లియ్యాలె, ఇది మన ఇల్లు, ఇవ్వాళ ఫలానా వారం అని మెల్లగా చెప్పాలె అని మా అవ్వ చెప్పింది. నా పిహెచ్‌డి రోజుల్లో మానసిక గాయాల మీద వైద్యులు రాసిన పుస్తకాలు చదువుతుంటే అందులో ఇదే కనిపించింది. గాయపడిన మనిషిని వర్తమానంలోకి తీసుకురావడానికి చుట్టూ ఉన్న వస్తువులను, స్థలాన్ని, రోజును గుర్తుచేయాలని. పుస్తకంలో అది చికిత్సా పద్ధతి. మా కాలనీలో దానికి పేరు కూడా లేదు. ఇద్దరు ఆడవాళ్లు తమ నిద్ర చెడగొట్టుకుని కనుక్కున్న విద్య అది.

మగవాడి బాధకు మాత్రం పేర్లున్నాయి. ఆ పేర్లకు ఒక చరిత్ర ఉంది. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో 'షెల్ షాక్' అన్న మాట వాడాడు. దేహం మీద గాయం లేకుండానే మాట పడిపోయిన, చూపు మందగించిన, వణుకు తగ్గని సైనికుల గురించి. అంతకుముందు ఈ లక్షణాలను ఆడవాళ్లకు అంటగట్టి హిస్టీరియా అన్నారు. మగసైనికుడికి ఆ పేరు పెట్టలేక కొత్త పేరు వెతుక్కున్నారని ఎలైన్ షోవాల్టర్ 1985లో 'ది ఫీమేల్ మాలడీ'లో చర్చించింది. మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు ఆ యుద్ధానికి సముద్రం దాటి వెళ్లారు. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యాన్ని చేర్చుకున్న పల్లె ఉంది. ఫ్రాన్సు నుంచి భారతీయ సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, అనువదించి, భద్రపరిచారు. కాబట్టి ఆ మగవాళ్ల దిగులు ఇవాళ పరిశోధకులకు దొరుకుతున్నది. ఆ ఉత్తరాలను చదివించుకుని విన్న ఇల్లాలి రాత్రులు ఏ దస్త్రంలోనూ లేవు.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు వర్జీనియా వుల్ఫ్ 'మిసెస్ డాలొవే' (1925) గుర్తుంటుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చి మనసు చెదిరిన సెప్టిమస్ గురించి క్లాసులో ఎంతో చెప్తారు. అతని భార్య రెజియా గురించి చెప్పేది తక్కువ. ఇటలీ నుంచి వచ్చిన టోపీలు కుట్టే పిల్ల. పరాయి ఊళ్లో, మొగుడు గాలితో మాట్లాడుతుంటే ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుతో, భయంతో పార్కులో నిలబడిన పిల్ల. ఆయనకు ఏ జబ్బూ లేదని డాక్టరు తేల్చేశాక ఆమెకు మిగిలింది ఏమిటి? మళ్లీ చదివినప్పుడు నాకు ఆ పార్కులో మా మిలిట్రీ అత్తమ్మ కనబడింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మామ అత్తమ్మను కొట్టేవాడు. మిలిట్రీ క్యాంటీన్ నుంచి వచ్చే రమ్ము అయిపోయిన రోజూ కొట్టేవాడు, ఉన్న రోజూ కొట్టేవాడు. మా బాపు కొట్టలేదు గాని, సారా తాగి వారాల తరబడి మాట్లాడకుండా ఉండేవాడు. ఆ మౌనానికి మేమంతా భయపడేవాళ్లం. "పాపం, యుద్ధం చూసొచ్చినోడు" అని కాలనీ సర్దిచెప్పేది. "బాయిల దిగి వచ్చినోడు, గంత తాగకుంటే నిద్రెట్ల పడుతది" అనేది. బాధ నిజమే. అయితే ఆ బాధను ఎవరి దేహం మీద దించుకోవాలో నేర్పింది యుద్ధం కాదు. పై అధికారి మీద చెయ్యెత్తని మనిషి భార్య మీద ఎత్తాడంటే, మతి చలించినప్పుడు కూడా మగవాడికి తన హద్దులు తెలుసునన్నమాట. 1992లో దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు ఈ సంగతినే వీధిలోకి తెచ్చారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో ఎత్తేశారు. తాగుడు ఆపమని అడిగాం. ఎందుకు తాగుతున్నారో, ఆ కారణానికి వైద్యం ఎక్కడ దొరుకుతుందో అడిగే గొంతులు తక్కువ.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు పోరాడిన మీదట అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఈ బాధను ఒక జబ్బుగా తన గ్రంథంలో చేర్చింది. జుడిత్ హెర్మన్ 1992లో 'ట్రామా అండ్ రికవరీ' రాస్తూ, యుద్ధం చూసిన మగవాళ్లలో కనిపించే లక్షణాలే ఇంట్లో హింసకు గురైన ఆడవాళ్లలోనూ కనిపిస్తాయని వాదించింది. అది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. సైకిలు స్టాండు వేసిన చప్పుడుకు అత్తమ్మ చేతిలో గిన్నె జారేది. గడియ తీసిన తీరును బట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో ఆమె చెప్పగలిగేది. పైకప్పు శబ్దం వినే మా బాపు చెవికీ ఆ చెవికీ తేడా ఏమిటి? మా అవ్వ సంగతి అంతే. వేళ కాని వేళ సైరను మోగితే ఆమె పొయ్యి మీద కూరను అట్లాగే వదిలి రోడ్డు మీదికి ఉరికేది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది పోయారు. ఆ తర్వాత మా కాలనీలో సైరనును సైరనుగా విన్న ఆడమనిషి లేదు. ఈ ఇళ్లలో మాజీ సైనికులు ఎవరని లెక్క తీస్తే ఒక్క మగవాళ్లతో ఆ లెక్క తేలదు.

కాగితాల మీద లెక్క మాత్రం వేరే. సైన్యంలో జబ్బు పడితే అది సర్వీసు వల్ల వచ్చిందా, మనిషి తత్వం వల్ల వచ్చిందా అని వైద్య బోర్డు తేల్చాలి. పింఛను దాని మీదే ఆధారపడుతుంది. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు నమోదైతే ఆ తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లేనని భావించాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. గనుల సంగతి ఇంకా తీసికట్టు. 1952 గనుల చట్టం కింద ప్రకటించిన వృత్తివ్యాధుల్లో ఊపిరితిత్తుల జబ్బులు ఉండేవి, వినికిడి లోపం ఉండేది. మనసు జబ్బు ఒక్కటీ లేదు. పైకప్పును వినే చెవి చెడిపోతే జబ్బు. ఆ చెవి రాత్రంతా మూతపడకపోతే జబ్బు కాదు.

బొగ్గుబాయిల్లో 'అన్‌ఫిట్' అన్న మాట ఇంటి మధ్యలో కూర్చుంటుంది. వారసత్వ ఉద్యోగాలను తిరిగి తెచ్చే ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో, చనిపోయిన లేదా వైద్య కారణాలతో పనికి అనర్హులైన కార్మికుల వారసులకు ఉద్యోగాలు ఇస్తూ వచ్చారు. ఉపాధి లేని చోట ఇది పెద్ద ఆసరా. కాని తండ్రి రోగం కొడుకు జీవనాధారమైన ఇంట్లో ప్రేమ ఎట్లా ఉంటుందో ఊహించండి. తండ్రి ఆయాసం గురించి కొడుకు అడిగితే అది ఆందోళనో ఆశో తండ్రికే తెలియదు. ఈ ఇద్దరి మధ్య మాట మోసేది మళ్లీ తల్లే.

మగవాడు పోయాక ఆమె 'డిపెండెంట్' అవుతుంది. సైన్యంలో అయితే 'వీరనారి'. పేర్లు వేరైనా ముడి ఒకటే. శౌర్య పతకాలతో వచ్చే భత్యం సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. మరిదినో బావనో చేసుకుంటే మాత్రం కొనసాగేది. ఆ షరతు తొలగింది 2017 నవంబరులో. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల్లో భార్యకు ఉద్యోగమో నెలనెలా భృతో ఎంచుకునే వీలుంది. ఎంపిక కాగితం మీద ఆమెది. ఆ సంతకం ముందు రాత్రి ఆ ఇంట్లో ఎవరెవరు కూర్చుని మాట్లాడతారో మా కాలనీలో ప్రతి పిల్లకూ తెలుసు.

సైనికుడంటే మగవాడే అని ఇంతదాకా రాస్తూ వచ్చాను. మన చరిత్ర అట్లా లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల్లో తిరిగిన ఆడవాళ్లు 1951లో పోరాట విరమణ తర్వాత ఇళ్లకు పంపబడ్డారు. స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) కోసం వాళ్లను వెతికి మాట్లాడించేదాకా వాళ్ల గాయాలను ఎవరూ అడగలేదు. కొండపల్లి కోటేశ్వరమ్మ అజ్ఞాతవాసం చేసి, భర్తకు దూరమై, పిల్లల్ని పోగొట్టుకుని, 2012లో తొంభై ఏళ్లు దాటాక 'నిర్జన వారధి' రాసింది. ఆ యుద్ధం నుంచి ఆమె ఇంటికి రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

మిలిట్రీ మామ పోయి కొన్నేళ్లయింది. నా పరిశోధన కోసం అత్తమ్మ దగ్గర టేప్ రికార్డరు పెట్టి, మామ శ్రీలంక రోజుల గురించి చెప్పమన్నాను. "నాకేమెరుక బిడ్డా, ఆయన చెప్పలే. నా దగ్గరేం ముచ్చట ఉన్నది" అంది. పది నిమిషాల్లో టేపు ఆపేశాను. చాయ తాగుతూ ఊరికే అడిగాను, "అత్తమ్మా, ఆ రోజులల్ల నువ్వు ఎట్ల పండుకునేదానివి?" అని. ఆమె గ్లాసు కింద పెట్టింది. గడపకు అడ్డంగా, చెప్పులు పక్కనే పెట్టుకుని, చిన్న బిడ్డ చెయ్యి తన కొంగుకు ముడేసుకుని పడుకునేదట. అక్కడ మొదలుపెట్టి మూడు గంటలు చెప్పింది. మధ్యలో మా అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "నేను సుత చెప్పులు తలాపునే పెట్టుకునేది" అంది.

పరిశోధకురాలిగా నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. పదేళ్లుగా నేను ఆడవాళ్లను మగవాళ్ల గురించి అడుగుతున్నాను. ఈసారి టేపు తిరిగి పెట్టాను. ఇద్దరినీ కలిపి రికార్డు చేశాను. పైన పేరు రాయాల్సిన చోట వాళ్లిద్దరి పేర్లే రాసుకున్నాను.