పేరు చెప్పనివారి సభ

1935వ సంవత్సరము మే నెల 11వ తేదీ, శనివారము. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున, రబ్బరు టైర్ల కర్మాగారములకు పేరుపడిన ఏక్రన్ పట్టణము. అచ్చటి మేఫ్లవర్ హోటలు ముందరి హాలులో బిల్ విల్సన్ అను న్యూయార్కు వ్యాపారి ఒకడు పచారు చేయుచున్నాడు. వచ్చిన పని చెడిపోయినది. చేతిలో డబ్బు కూడ అంతంతమాత్రము. హాలునకు ఒక కొసను మద్యశాల. లోపలినుండి నవ్వులు వినవచ్చుచున్నవి. రెండవ కొసను టెలిఫోను. దాని ప్రక్కన ఊరిలోని చర్చీల పట్టిక. అతడు మద్యము మాని అప్పటికి ఐదు నెలలు.

ఆ ఐదు నెలలును అతడు న్యూయార్కులో కనబడిన త్రాగుబోతునకెల్ల మానుమని చెప్పుచునే ఉన్నాడు. ఒక్కడును మానలేదు. కాని చెప్పుచున్నంత కాలము తాను మాత్రము త్రాగలేదు! ఆ సాయంకాలము అతనికి ఈ సంగతి జ్ఞప్తికి వచ్చినది. అతనికి కావలసినది వైద్యుడు కాదు, మతబోధకుడు కాదు. తనవంటి మరియొక త్రాగుబోతు. చర్చీల పట్టిక చూచి ఒక పాదరీకి ఫోను చేసి ఆ మాటయే అడిగినాడు. వినిన పాదరీకి ఎట్లు తోచెనో గాని, కొన్ని పేర్లు ఇచ్చినాడు. ఆ పేర్లవెంట పోగా పోగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను ఇల్లాలు దొరికినది. ఆమె ఎరిగిన శస్త్రవైద్యుడు ఒకరు త్రాగుడువలన వృత్తిని పాడుచేసికొని ఉన్నారు. ఆయనయే డాక్టర్ బాబ్ స్మిత్.

మరునాటి సాయంకాలము ఐదు గంటలకు డాక్టరుగారు భార్యతో కూడ ఆమె ఇంటికి వచ్చినారు. పావుగంటకు మించి కూర్చుండనని ముందే షరతు. లేచునప్పటికి రాత్రి పదకొండు దాటినది. త్రాగుడువలన శరీరమునకు ఏమగునో వైద్యునకు ఒకరు చెప్పవలెనా? బిల్ తన కథ చెప్పినాడు. తాను సీసాలు ఎట్లు దాచినదియు, ఎన్ని ఒట్లు పెట్టుకొని తప్పినదియు చెప్పినాడు. తన భాష మాటలాడువానిని డాక్టరుగారు వినుట అదియే మొదలు. నడుమ ఒకసారి జారిపడినను, జూన్ 10వ తేదీ తరువాత ఆయన మరల ముట్టలేదు. ఆ దినమునే ఈ సంఘము తన జన్మదినముగా ఎన్నుకొన్నది.

ఒకరికొకరు తమ కథ చెప్పుకొను ఉపాయము అప్పటికి సరిక్రొత్తది కాదు. 1840లో బాల్టిమోరులో ఆరుగురు త్రాగుబోతులు ఒక మద్యశాలలోనే కూర్చుండి మానుటకు ఒట్టుపెట్టుకొని, వాషింగ్టన్ పేర ఒక సంఘము స్థాపించిరి. లక్షలమంది చేరిరి. కాని సభలు జాతరలైనవి. మద్యనిషేధ రాజకీయములు లోపలికి చొచ్చినవి. కొలది సంవత్సరములకే సంఘము చెల్లాచెదరైనది. ఏక్రన్‌లో మొదలైన సంఘమో, మద్యనిషేధమునకు అనుకూలమనిగాని ప్రతికూలమనిగాని నేటికిని చెప్పదు. మనవారికి ఇది వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఆ మౌనమే దానిని బ్రతికించినదని తోచును.

1939లో వారు ఒక గ్రంథము ప్రకటించిరి. దాని పేరే సంఘమునకు నిలిచినది: ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అనగా పేరు చెప్పుకొనని త్రాగుబోతులు. ఉద్యోగము పోవునను భయము ఒకటి. పేరు ప్రతిష్ఠలు మరల తలకెక్కునను భయము ఇంకొకటి. కాని పేరు చెప్పనివారిని వెదకుట ఎట్లు? 1941 మార్చి 1వ తేదీన సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో వీరిని గురించి వ్యాసము వెలువడగానే న్యూయార్కులోని వారి చిన్న కార్యాలయమునకు వేలకొలది ఉత్తరములు వచ్చిపడినవి. వ్రాసినవారిలో త్రాగువారేకాక వారి భార్యలు, తల్లులును ఉండిరి. పెక్కు ఊళ్ళలో అప్పటికి సభయే లేదు. సభ్యులలో ఊరూర తిరుగు వర్తక ప్రతినిధులు కొందరుండిరి. ఉత్తరములు వ్రాసినవారి చిరునామాలు వారికిచ్చి, దారిలో పలుకరించి రమ్మనిరి. రెండువేలుగా ఉన్న సభ్యులు ఆ సంవత్సరాంతమునకు ఎనిమిదివేలైరి.

ఇంటివారి మాట కూడ చెప్పవలెను. భర్తలు సభలో ఉండగా వెలుపల వేచియుండు భార్యలు తమలో తాము కష్టసుఖములు చెప్పుకొనసాగిరి. సీసా పారబోయుట, అప్పులు తీర్చుట, పైవారికి అబద్ధము చెప్పి కాపాడుట — ఇవి ఎవ్వరిని మాన్పలేదని వారికి తెలిసినది. 1951లో బిల్ భార్య లోయిస్ మరియొక స్త్రీతో కలిసి ఇట్టివారికై ఎల్ ఎనాన్ అను వేరు సంఘమును ఏర్పరచినది. భర్త త్రాగుడు మానకున్నను భార్య అందు చేరవచ్చును.

మన దేశమున ఈ సభలు 1957లో బొంబాయిలో మొదలైనవి. నేడు హైదరాబాదులోను జరుగుచున్నవి. కొన్ని సభలకు ఎవ్వరైనను పోవచ్చును. కొన్ని మానగోరువారికి మాత్రమే. రుసుము లేదు, దరఖాస్తు లేదు. ఖర్చులకు సభ్యులు తోచినది వేయుదురు. పైవారి విరాళము పుచ్చుకొనరు. క్రొత్తగా వచ్చినవాడు వెనుకవరుసలో కూర్చుండి ఒక్కమాటయు పలుకక లేచిపోయినను అడుగువారు లేరు. పోవునప్పుడు మాత్రము ఎవరో ఒకరు ఒక టెలిఫోను నెంబరు వ్రాసి చేతికిత్తురు.