విహార చెరువు కట్ట

విహార చెరువు కట్ట అంటే సొంత భూమిలో వాగుకో పల్లపు గండికో అడ్డంగా మట్టి పోసి నీళ్లు నిలిపే చిన్న ఆనకట్ట. సాగునీటి కోసం కాదు, పడవ షికారుకు, చేపల వేటకు, ఈతకు, గట్టున నాలుగు కుటీరాలు వేసి అతిథులను దింపడానికి కట్టేది. ఎత్తు సాధారణంగా మూడు నాలుగు మీటర్ల నుంచి పది మీటర్ల లోపు. యజమాని ఒక వ్యక్తి, ఒక క్లబ్బు, లేదా ఒక రిసార్టు. చూడటానికి ఊరి చెరువుకూ దీనికీ తేడా కనిపించదు. అసలు తేడా కాపలాలో ఉంది. ఊరి చెరువుకు నీరటికాడు ఉండేవాడు, కట్ట తెగితే మునిగేది తమ పొలాలేనని ఆయకట్టు రైతులు వానాకాలం రాత్రుళ్లు కట్ట మీదే ఉండేవారు. విహార చెరువు కింద నివసించేవారికి దాని మీద హక్కూ లేదు, దాని సంగతీ తెలియదు.

అండమాన్ దీవుల్లో ఇలాంటి కట్ట తలపెట్టేవారికి నేలే మొదటి పరీక్ష. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు గుండెకాయ వంటి అబర్డీన్ బజార్ నుంచి ఏ వైపు వెళ్లినా మిట్టలూ పల్లాలే. వాగులు పొట్టివి, వాలు ఎక్కువ. ఏటా సుమారు 3000 మి.మీ. వాన కురిసినా అది నిలవదు, త్వరగానే సముద్రం పాలవుతుంది. అందుకే వేసవిలో పట్టణంలో తాగునీటికి కటకట. పట్టణానికి ప్రధాన ఆధారమైన ధనికరి ఆనకట్ట 1973 నాటిది, అది కాంక్రీటు కట్టడం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో, అంటే చెరువు కట్ట, అలుగు, తూము పుట్టుకతో తెలిసిన నేలలో ఉన్నాయి.

వాన లెక్క ఒక్కసారి వేసి చూస్తే కట్టకు ఎదురయ్యే ప్రమాదం అర్థమవుతుంది. 10 హెక్టార్ల వాలు నుంచి నీరు దిగే పల్లంలో హెక్టారు విస్తీర్ణం గల చెరువు ఉందనుకుందాం. నేల అప్పటికే నాని ఉన్నప్పుడు గంటలో 100 మి.మీ. వాన పడి అంతా దిగివస్తే 10,000 ఘనపు మీటర్లు. నిండు చెరువులో ఆ నీటితో మట్టం మీటరు పెరుగుతుంది. చిన్న కట్టలకు నీటిమట్టం పైన వదిలే ఖాళీ మహా అయితే అంతే. అలుగు ఆ గంటలోనే ఆ నీటిని పంపేయలేకపోతే నీరు కట్ట మీది నుంచి పొర్లుతుంది. కాంక్రీటు గోడ ఆ పొర్లును కొంతసేపు ఓర్చుకోగలదు. మట్టి ఓర్చుకోదు, వెనక వాలు కోసుకుపోయి గండి పడుతుంది.

రెండో ప్రమాదం లోపలి నుంచి వస్తుంది. ప్రతి మట్టి కట్టా ఎంతో కొంత ఊరుతుంది, అది తప్పు కాదు. కట్ట వెనక పాదం దగ్గర ఊట తేటగా, రోజూ ఒకే తీరుగా ఉంటే భయం లేదు. అదే నీరు ఎర్రగా, మడ్డిగా మారిందంటే లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం. బుంగ పడటం అలాగే మొదలవుతుంది. దోసెడు నీళ్లు గాజు సీసాలో పట్టి పక్కన పెడితే చాలు, అడుగున చేరే ఒండ్రు చెబుతుంది. చెట్ల వేళ్లు కుళ్లిన చోట, ఎలుకల కన్నాల వెంట, తూము గొట్టానికీ మట్టికీ మధ్య సరిగ్గా దిమ్మిస కొట్టని చోట బుంగకు దారి దొరుకుతుంది.

సరదా కోసం యజమాని కోరుకునేవన్నీ ఈ కట్టకు హాని చేసేవే. ఏడాది పొడవునా నిండుగా ఉండాలంటాడు, వరదకు చోటుండదు. కట్ట మీద నీడకు చెట్లు కావాలంటాడు. కార్లు తిరగాలని పైభాగం చదును చేయిస్తాడు. చేపలు పోకుండా అలుగుకు జాలీ కడతాడు, మొదటి వరదకే ఆకులూ కొమ్మలూ దాన్ని మూసేస్తాయి.

ఇవి ఊహలు కావు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్ట చరిత్రంతా ఇదే. కాలువ రవాణా కోసం ప్రభుత్వం కట్టిన ఆ 22 మీటర్ల మట్టి కట్ట చేతులు మారి 1879లో సంపన్నుల చేపల వేట క్లబ్బు పరమైంది. అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమానే పీకి అమ్మేశాడు, క్లబ్బు మళ్లీ వేయలేదు. బగ్గీలు సాగేందుకు కట్ట ఎత్తు తగ్గించారు, అలుగుకు చేపల జాలీ పెట్టారు. 1889 మే 31న పెద్ద వానకు కట్ట పొర్లి తెగింది. 23 కి.మీ. దిగువన ఉన్న జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయి 2,200 మందికి పైగా చనిపోయారు. సభ్యుల్లో కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులున్నా, కోర్టుల ద్వారా బాధితులకు క్లబ్బు నుంచి పైసా రాలేదు.

అంతకు ఐదు శతాబ్దాల ముందే కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం (క్రీ.శ. 1369) చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు చెప్పింది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు రోజుకు వెయ్యిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేళ్లలో కట్టించిన చెరువు అది. కట్ట ఊరడం, చవుడు నేల, తక్కువ చోటుకు ఎక్కువ నీరు ఆ దోషాల్లోవి. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి బంకనేల, పని తెలిసిన మనుషులు సాధనాల్లోవి. ఇప్పుడు విహారానికి కట్టేవారు కూడా ఆ జాబితా దగ్గర పెట్టుకోవచ్చు.

అండమాన్‌లో ఈ ప్రమాదాలకు భూకంపం తోడు. దేశంలో భూకంప ముప్పు అతి తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో ఈ దీవులు ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 భూకంపంతో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు నేల సుమారు మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాల్లో ఉప్పునీరు నిలిచిపోయింది. 2001 జనవరి భుజ్ భూకంపంలో చాంగ్, శివలఖా వంటి మట్టి కట్టలు పగిలాయి. అప్పుడు జలాశయాల్లో నీరు తక్కువగా ఉండటం వల్లే వరద రాలేదు. ఎప్పుడూ నిండుగా ఉంచే విహార చెరువుకు ఆ అదృష్టం ఉండదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రైవేటు యజమానికీ వర్తిస్తుంది. అయితే పునాది నుంచి 15 మీటర్లు మించినవాటికి, 10-15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ వంటి షరతులకు లోబడినవాటికి మాత్రమే. ఈ వ్యాసంలో చెప్పిన కట్టలు దాదాపు అన్నీ ఆ గీతకు కిందే ఉంటాయి. కాబట్టి కట్టేముందు ఇంజనీరును పిలవడం, బంకమట్టిని పలుచని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించడం, ముందువైపు రాతి పరుపు వేయించడం, అడుగు తూము పనిచేస్తూ ఉండేలా చూడటం యజమాని బాధ్యతే. చెరువు అక్కర్లేదనుకుంటే దాన్ని అలా వదిలేయకూడదు. ఎండాకాలంలో నీరు తీసేసి, అలుగు వైపు కట్టను వాగు మట్టం దాకా వెడల్పుగా కోసి, కోసిన అంచులకు రాయి పరచాలి.