‘ఆంధ్ర పాత్రలు’ : పేరు వెనుక చరిత్ర

1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో ఎర్రకావి పూత, తెల్లని గీతల అలంకరణ గల గిన్నెలు, పళ్లేలు లభించాయి. అవి శాతవాహన యుగపు పొరకు చెందినవి. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులని పేర్కొన్నందున వీటికి ‘ఆంధ్ర పాత్రలు’ అన్న వ్యవహారం ఏర్పడింది. ఇది వంశసూచకమే గాని భాషాసూచకం కాదు. తమిళనాడులోని కొడుమణల్‌లోనూ ఇటువంటివే దొరికాయి. కనుక వీటిని తెలుగు కుమ్మరుల సొంత సృష్టిగా చెప్పుకోవడం తొందరపాటే. తరువాతి పరిశోధకులు ‘కావిపూత చిత్రిత పాత్రలు’ అన్న వర్ణనాత్మక నామానికే మొగ్గుచూపారు. ఇక గిన్నె పానానికా, భోజనానికా అన్నది అంచునూ లోతునూ బట్టి ఊహించవలసినదే. నేటి ముంత, పిడత అన్న మాటలను వాటికి తగిలిస్తే వీలర్ పెట్టిన పేరుకు పట్టిన చిక్కే మళ్లీ ఎదురవుతుంది.