ప్రయోజనాల వైరుధ్యం
పదవి అప్పగించిన బాధ్యతకూ, ఆ పదవిలో ఉన్న వ్యక్తి లేదా అతని బంధువుల స్వలాభానికీ పొసగని స్థితిని ప్రయోజనాల వైరుధ్యం అంటారు; ఇది దానంతట అదే లంచం కాకపోయినా, దాచిపెడితే అవినీతికి దారితీస్తుంది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2008 డిసెంబరులో ఆ సంస్థ డైరెక్టర్ల బోర్డు, అధిపతి రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపి, మదుపరులు తీవ్రంగా ప్రతిఘటించడంతో కొద్ది గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. లెక్కల్లో మాత్రమే ఉన్న ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులను చేర్చడానికి చేసిన చివరి ప్రయత్నమే అదని 2009 జనవరి 7 నాటి లేఖలో రాజు అంగీకరించారు. స్వతంత్ర డైరెక్టర్లు, అంటే యాజమాన్యంతో ఆర్థిక సంబంధం లేనివారు, ఉండి కూడా బోర్డు సమ్మతించడం ఇందులో అత్యంత ఆందోళనకరమైన అంశం. 2013 నాటి కంపెనీల చట్టంలోని 184వ సెక్షన్, ఒప్పందంలో స్వప్రయోజనం ఉన్న పబ్లిక్ కంపెనీ డైరెక్టరు దానిని బోర్డుకు వెల్లడించి, ఆ చర్చ నుంచి తప్పుకోవాలని నిర్దేశిస్తుంది.